1943లో ఉదయం 6 గంటలంటే ఏ 6 గంటలు?

బొబ్బిలిలో 1943 జూన్ 16న ఉదయం 6 గంటలకు ఒక పిల్లాడు పుట్టాడనుకోండి. ఇవాళ ఆ కుటుంబం ఆయన వివరాలు రెండు జాతకం యాప్‌లలో వేస్తే ఒకటి వృషభ లగ్నం అంటుంది, ఇంకోటి మిథున లగ్నం అంటుంది. ఊరు అదే, తేదీ అదే, గంట కూడా అదే. గ్రహాల లెక్కలో రెండూ తప్పు చేయలేదు. తేడా అంతా గడియారం దగ్గర వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 వరకు మన దేశంలో గడియారాలను ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. ఈ సంగతి ఒక యాప్‌కి తెలుసు కాబట్టి అది 6 గంటలని అసలు 5 గంటలుగా తీసుకుంది, సూర్యుడు ఇంకా రాలేదు కాబట్టి లగ్నం వృషభంలోనే ఉంది. రెండోది ఇండియా అంటే ఎప్పుడైనా లండన్ దగ్గరి గ్రీనిచ్ సమయం కంటే 5:30 గంటలు ముందు అని కోడ్‌లో గట్టిగా రాసేసుకుంది, దానికి 6 అంటే 6, అప్పటికి సూర్యోదయం అయిపోయింది కాబట్టి మిథునం వచ్చింది.

ఆ మూడేళ్లలో పుట్టినవాళ్లకి ఇప్పుడు ఎనభై దాటింది. మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలా ఇళ్లల్లో సహస్ర చంద్ర దర్శనం చేయిద్దామని పిల్లలు పాత ట్రంకు పెట్టెలు తెరిచి జాతకం కాగితాలు తీస్తున్నారు, తీసి యాప్‌లో వేస్తున్నారు, వేశాక టెన్షన్ పడుతున్నారు. జ్యోతిషం మీద మీకు నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ యాప్ ఏ లెక్క చూసి గంట తీసేసిందో అదే లెక్క మీ ఫోన్లో, ఆఫీసు సర్వర్లో, పింఛను లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్లో, పాత వాతావరణ రికార్డులు కంప్యూటర్‌కి ఎక్కించే చోట కూడా ఉంటుంది. ఆ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, అందులో పాత తేదీలు ఎంతవరకు నమ్మొచ్చు, తప్పుంటే ఎలా సరిచేస్తారు అన్నది మనవాళ్లకి అర్థమయ్యేలా ఎవరో ఒకరు చెప్పాలి.

దాని పేరు టైమ్ జోన్ డేటాబేస్. 1986లో ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ మొదలుపెట్టాడు, ఇప్పుడు పాల్ ఎగర్ట్ చూస్తున్నాడు, 2011 నుంచి ఐయానా అనే సంస్థ దగ్గర ఉంటోంది. డేటాబేస్ అన్నారని పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, మామూలు టెక్స్ట్ ఫైళ్లే. లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్, జావా, పైథాన్ అన్నీ ఈ ఫైళ్లనే చదువుకుంటాయి. ప్రపంచంలో ఏ ప్రాంతంలో గడియారం గ్రీనిచ్ కంటే ఎంత ముందు లేక వెనక ఉండేది, అది ఏ రోజు ఏ గంటకి మారింది అన్నది వరసగా రాసి ఉంటుంది. మన దేశం మొత్తానికి ఒకటే ఎంట్రీ, పేరు ఏషియా/కోల్‌కతా. అందులో ఉన్నది తెలుగులో ఇలా ఉంటుంది:

5:53:28, 1854 జూన్ 28 వరకు
5:53:20, 1870 వరకు
5:21:10, 1906 జనవరి 1 వరకు
5:30, 1941 అక్టోబర్ వరకు
5:30 మీద ఇంకో గంట, 1942 మే 15 వరకు
5:30, 1942 సెప్టెంబర్ వరకు
5:30 మీద ఇంకో గంట, 1945 అక్టోబర్ 15 వరకు
5:30, ఇప్పటిదాకా

ఎనిమిది లైన్లు, అంతే. నూట డెబ్భై ఏళ్ల పైబడిన కాలాన్ని, ఇంత పెద్ద దేశాన్ని ఈ ఎనిమిది లైన్లలో పెట్టారు. పెట్టడం తప్పని నేను అనను, కానీ వాటిని ఎలా చదవాలో తెలియకుండా వాడితే తప్పే.

మొదటి లైను సూర్యుడి లెక్క. కోల్‌కతా 88 డిగ్రీల 22 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున కడితే 5 గంటల 53 నిమిషాల 28 సెకన్లు వస్తుంది. రెండో లైనులో ఎనిమిది సెకన్లు తగ్గాయి, దాని పక్కన ఫైల్లో హౌరా సమయం అని రాసి ఒక ప్రశ్నార్థకం పెట్టారు. ఆ ప్రశ్నార్థకం నాకు చాలా నచ్చింది, నమ్మకం లేని చోట నమ్మకం లేదని అక్కడే చెప్పేశారు. మూడో లైను మద్రాసు సమయం. నాలుగోది మనందరికీ తెలిసిన ఐఎస్‌టీ. ఇంకో చిన్న సంగతి గమనించండి, 1941 అక్టోబర్, 1942 సెప్టెంబర్ అన్న చోట తారీకు లేదు. తారీకు రాయకపోతే కంప్యూటర్ దాన్ని ఒకటో తారీకు, అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంటుంది.

అసలైన చిక్కు పేరులోనే ఉంది. ఈ డేటాబేస్‌కి 1970 ఒక గీత. 1970 జనవరి 1 తర్వాత గడియారాలు ఎప్పుడూ ఒకేలా నడిచిన ప్రాంతాలన్నిటినీ కలిపి ఒక ఎంట్రీ చేస్తారు, అందులో పెద్ద ఊరి పేరు పెడతారు. కంప్యూటర్లు చాలావరకు సెకన్లని ఆ రోజు నుంచే లెక్కపెడతాయి కాబట్టి ఆ గీత అక్కడ గీశారు. 1970 తర్వాత ఇండియా అంతా ఒకటే టైమ్, కాబట్టి ఒకటే ఎంట్రీ, అది సరే. కానీ 1970కి ముందు ఉన్న లైన్లు ఆ పేరున్న ఊరికి మాత్రమే వర్తిస్తాయి, మిగతా దేశానికి అవి వర్తిస్తాయని డేటాబేస్ ఎక్కడా హామీ ఇవ్వదు. ఈ ఒక్క వాక్యం తెలియకనే సగం గందరగోళం. పలాసలో 1920లో పుట్టిన మనిషికైనా, పార్వతీపురంలో 1942 జనవరిలో జరిగిన పెళ్లికైనా యాప్ వాడేది కలకత్తా లైన్లనే, మనకి ఇంకో ఎంట్రీ లేదు కాబట్టి.

కలకత్తాకైనా అవి పూర్తిగా కుదురుతాయా అంటే అదీ లేదు. 1906లో ఐఎస్‌టీ వచ్చినా కలకత్తా నగరం తన సొంత సమయాన్ని 1948 వరకు వదల్లేదు, బొంబాయి అయితే 1955 దాకా లాక్కొచ్చింది. 1906 జనవరిలో బొంబాయిలో మిల్లు కార్మికులు వేల మంది ఈ కొత్త టైమ్ వద్దని రోడ్డెక్కారు. అంటే ఒకే నగరంలో రైల్వే స్టేషన్ గడియారం ఒక టైమ్, మునిసిపాలిటీ గడియారం ఇంకో టైమ్ చూపించిన రోజులవి. ఈ డేటాబేస్‌లో కొన్నేళ్ల కిందటి దాకా మన ఎంట్రీ వేరేగా ఉండేది: 5:53:20 అన్న కలకత్తా సమయం 1941 అక్టోబర్ దాకా సాగి, అక్కడి నుంచి బర్మా సమయం అని రాసి 6:30లోకి దూకేది, 1906లో వచ్చిన ఐఎస్‌టీ అసలు కనిపించేదే కాదు. ఆ పాత వెర్షన్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో నరసన్నపేటలో 1925లో పుట్టిన మనిషి వివరాలు వేస్తే 23 నిమిషాల 20 సెకన్లు పక్కకి పోతుంది. తర్వాత దాన్ని సరిచేసి మద్రాసు సమయం, 1906, అన్నీ చేర్చారు. సరిచేశాక మన జిల్లాలకి దగ్గరైంది, కలకత్తా వీధిలో మామూలు మనిషి చూసుకున్న గడియారానికి దూరమైంది. అందుకే దీన్ని ఊరికే తప్పుని ఒప్పు చేయడం అనుకుంటే సరిపోదు, అప్పట్లో నడిచిన నాలుగైదు గడియారాల్లో దేన్ని ఈ లైనులో రాయాలి అన్న తీర్పు కూడా ఇందులో ఉంది.

మద్రాసు సమయం అంటే 1792లో పెట్టిన మద్రాసు అబ్జర్వేటరీ సమయం. 1802లో జాన్ గోల్డింగ్‌హామ్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు దాని రేఖాంశం కట్టాడు. బొంబాయికి, కలకత్తాకి మధ్యస్థంగా ఉందని తర్వాత రైళ్లన్నీ దాని మీదే నడిపారు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం కదా, మనకి అదే సమయం అయి ఉంటుంది అనుకోవడం సులువు. కానీ లెక్క చూడండి. విజయనగరం దాదాపు 83.4 డిగ్రీల తూర్పున ఉంది, సూర్యుడి లెక్కన అక్కడి సమయం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 33 నిమిషాల 36 సెకన్లు ముందు, మద్రాసు కంటే పన్నెండు నిమిషాలు పైన ముందు. విజయనగరం గంట స్తంభం 1885లో కట్టారు, ఈ కోస్తా రైలు మార్గం వేసింది 1890ల్లో. రైలే లేని ఊళ్లో పెద్ద గడియారం మద్రాసు రైల్వే టైమ్‌కి తిప్పారా, మిట్టమధ్యాహ్నం నీడ చూసి తిప్పారా అన్నది ఆ తరం కాగితాలు చూసి తేల్చాల్సిన విషయం. డేటాబేస్ మాత్రం 1870 నుంచి 5:21:10 అని ఒకే మాట చెబుతుంది. ఐఎస్‌టీ వచ్చాక మనకి ఇబ్బంది చాలా తగ్గింది, దాని రేఖ 82.5 డిగ్రీలది, మనకి బాగా దగ్గర, శ్రీకాకుళంలో సూర్యుడి సమయానికి, గోడ గడియారానికి తేడా ఏడాది సగటున ఐదారు నిమిషాలకి మించదు.

ఇప్పుడు ఆ యుద్ధం లైన్ల దగ్గరికి వద్దాం. 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా ఉన్నది దేశమంతటిదీ, దాని మీద పేచీ లేదు. దానికి ముందున్నది, 1941 అక్టోబర్ నుంచి 1942 మే 15 దాకా ఉన్న ఆ ఏడున్నర నెలలు, అది కలకత్తా పేరు మీద ఉన్న లైను. మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా గడియారాలు అప్పుడు గంట జరిగాయని దాన్ని బట్టి అనడానికి లేదు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ ఏడున్నర నెలల్లోనే 1942 ఏప్రిల్ 6 ఉంది. ఆ రోజు జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ రోజు సంఘటనలను మన వైపు పత్రికలో, ఉత్తరంలో, స్టేషన్ రిజిస్టర్లో ఉన్న గంట చూసి ఎవరైనా కంప్యూటర్‌కి ఎక్కిస్తే, ప్రోగ్రాము తనంతట తాను 6:30 తీసేసి గ్రీనిచ్ సమయం చేసేస్తుంది. ఓడల లాగ్‌బుక్కుల్లో ఉన్న సమయంతో పక్కపక్కన పెడితే గంట తేడా వస్తుంది, వచ్చిన తేడాని చూసి చరిత్ర రాసేవాళ్లు మన సాక్షుల జ్ఞాపకం తప్పనుకునే ప్రమాదం ఉంది. నాకు బాధ కలిగించేది అదే. తప్పు మనిషిది కాదు, ఎక్కడో ఉన్న ఒక లైనుని మనకి కూడా పెట్టడం వల్ల వచ్చినది.

మరి సరిచేయాలంటే ఏం కావాలి? ఆ కాలపు కాగితం కావాలి, ఇంకేదీ నిలబడదు. డేటాబేస్‌లో పాత తేదీల్లో చాలా భాగం మొదట జ్యోతిషుల కోసం తయారైన ఒక అట్లాసు నుంచి వచ్చాయి. జాతకాలు వేసేవాళ్లకి ఏ ఊళ్లో ఏ రోజు ఏ టైమ్ అన్నది అందరికంటే ముందు అవసరం పడింది కాబట్టి వాళ్లే అందరికంటే ముందు పోగుచేశారు, ఆ శ్రమకి దండం పెట్టాలి. కానీ ఆ పుస్తకంలో ఏ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో లేదు, తప్పులు చాలా ఉన్నాయని తర్వాత ఒక్కో దేశం చూసుకుంటూ పోతే తేలింది. 2011లో అయితే ఆస్ట్రోలేబ్ అనే జ్యోతిష సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ తేదీలు మావి అని ఓల్సన్ మీద, ఎగర్ట్ మీద అమెరికాలో కేసు వేసింది. ప్రపంచమంతా వాడే ఆ ఫైళ్లు కొన్నాళ్లు అసలు చోట దొరకలేదు. ఐయానా చేతుల్లోకి అవి వెళ్లింది అప్పుడే. 2012 ఫిబ్రవరిలో కంపెనీ కేసు వెనక్కి తీసుకుంది. ఫలానా ఊళ్లో ఫలానా రోజు గడియారం మార్చారు అన్నది జరిగిన విషయం, అది ఎవరి సొత్తూ కాదు. సొత్తు కాదు కాబట్టే ఎవరైనా సరిచేయొచ్చు, సరిచేసేవాడు ఆధారం చూపించాలి.

ఆధారం అంటే మొదట గెజిట్. కానీ గెజిట్‌లో ఉన్నదే జరిగిందని కూడా అనుకోకూడదు, ఉత్తర్వు ఇచ్చాక వాయిదా వేసిన దేశాలున్నాయి, ఉత్తర్వు ఒక రోజు చెబితే జనం ఇంకో రోజు మార్చిన ఊళ్లున్నాయి. ఈ డేటాబేస్ రాసుకోవాలనుకునేది చట్టాన్ని కాదు, జనం గడియారాలు నిజంగా ఏం చూపించాయో దాన్ని. అందుకని గెజిట్‌తో పాటు ఆ వారం దినపత్రిక, రైల్వే టైమ్‌టేబుల్, పోర్టు నోటీసు, రేడియో కార్యక్రమాల పట్టిక లాంటివి చూస్తారు. రెండు వేర్వేరు చోట్ల నుంచి ఒకే తేదీ వస్తే బలం. యాభై ఏళ్ల తర్వాత ఎవరో రాసిన పుస్తకంలో ఉంది అంటే బలం లేదు, ఎందుకంటే ఆ రాసినాయన ఇదే డేటాబేస్ చూసి రాసి ఉండొచ్చు.

జపాన్ సంగతి చూస్తే ఎంత సూక్ష్మంగా పోతారో తెలుస్తుంది. యుద్ధం తర్వాత 1948 నుంచి 1951 దాకా జపాన్‌లో వేసవికి గడియారం గంట ముందుకు జరిపేవాళ్లు. అమెరికా పద్ధతిలో తెల్లవారుజామున 2 గంటలకి మార్చారని డేటాబేస్‌లో చాలాకాలం ఉంది. 2018లో ఆ చట్టం పాఠం చూసి సరిచేశారు: ముందుకు జరిపింది శనివారం 24 గంటలకి, వెనక్కి తెచ్చింది శనివారం 25 గంటలకి. అవును, 25 గంటలే, అంటే ఆదివారం ఒంటిగంట అయ్యేసరికి దాన్ని మళ్లీ పన్నెండు చేశారు. ఆ అంకె చూసి కొన్ని ప్రోగ్రాములు చదవలేక ఆగిపోయాయి, గంట 24 దాటదని వాటిని రాసినవాళ్లు అనుకున్నారు. వాటి కోసం అదే విషయాన్ని ఆదివారం 1 గంట అని తిరగరాసిన ఇంకో రూపం కూడా ఇవ్వాల్సి వచ్చింది. డెబ్భై ఏళ్ల కిందటి శనివారం రాత్రి ఒకటి సరిచేస్తే ఇవాళ నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఆగుతుంది, అయినా సరిచేశారు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1962 చైనా యుద్ధంలో, 1965లో, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధాల్లో కూడా ఇండియాలో కొన్నాళ్లు గడియారం గంట జరిపారు అన్న మాట చాలా చోట్ల కనిపిస్తుంది. ఏ రోజు జరిపారు, ఏ రోజు తెచ్చారు, ఏ రాష్ట్రాల్లో? ఆ మాట చెప్పేవాళ్లు తేదీలు చెప్పరు. డేటాబేస్‌లో 1945 అక్టోబర్ తర్వాత మనకి ఒక్క మార్పు కూడా లేదు, తేదీ లేని మాటని లైనుగా రాయడం కుదరదు కాబట్టి. 1962, 1965, 1971లలో పెద్దవాళ్లుగా ఉన్న మనుషులు ఇంకా మన ఊళ్లల్లో ఉన్నారు, బ్లాకౌట్లు, సైరన్లు వాళ్లకి బాగా గుర్తు. గంట జరిపిన గుర్తు ఉందా అని మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, కానీ వాళ్లు ఉందన్నా అది వెతకడానికి దారి మాత్రమే, ఆ వారం పత్రికలో అచ్చయిన ముక్క దొరికినప్పుడే అది ఆధారం.

పాతది సరిచేస్తే ఇంకో చోట నొప్పి వస్తుంది, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇది వినాలి. మీరు 1943 నాటి సమయాన్ని గ్రీనిచ్‌లోకి మార్చి అదొక్కటే దాచుకుని, అసలు కాగితం మీద ఉన్న 6 గంటలని పారేశారనుకోండి. రేపు డేటాబేస్‌లో ఆ లైను మారితే మీ తెర మీద 5 అనో 7 అనో వస్తుంది, అసలు ఎంత ఉండేదో చెప్పేవాడు ఉండడు. కాగితం మీద ఏముందో అది యథాతథంగా, ఊరి పేరుతో సహా దాచాలి, మార్చిన లెక్క పక్కన పెట్టుకోవాలి. పుట్టిన తేదీని అర్ధరాత్రి 12 గంటలుగా దాచే అలవాటు ఇంకో గొయ్యి. డేటాబేస్ ప్రకారం 1942 సెప్టెంబర్ 1న 12 గంటల నుంచి ఒంటిగంట దాకా ఉన్న గంట అసలు లేనే లేదు, 12 అవగానే ఒంటిగంట అయిపోయింది. ఆ రోజు పుట్టినవాళ్ల తేదీ కొన్ని ప్రోగ్రాముల్లో లోపం చూపిస్తుంది, కొన్నింట్లో ఆగస్టు 31కి జారుతుంది. దీనికి ఎదురుగా 1945 అక్టోబర్ 14 రాత్రి 11 నుంచి 12 దాకా ఉన్న గంట రెండుసార్లు వచ్చింది. పుట్టిన తేదీకి గంట అక్కర్లేదు, తేదీని తేదీగానే ఉంచండి.

ఇక ఇంట్లో ఉన్న పాత జాతకం సంగతి. డేటాబేస్ ఎంత కచ్చితంగా ఉన్నా ఒక ప్రశ్నకి అది జవాబు చెప్పలేదు: మంత్రసాని పక్కన ఉన్న గడియారం, అసలు ఉంటే, యుద్ధం టైమ్‌కి తిప్పి ఉందా? పల్లెల్లో చాలామంది పాత టైమే చెప్పుకుని ఉండొచ్చు, జాతకం రాసిన సిద్ధాంతిగారు తనే గంట తీసేసి రాసి ఉండొచ్చు, అప్పుడు యాప్ ఇంకోసారి తీసేస్తే రెండుసార్లు తీసినట్టు అవుతుంది. అదృష్టం ఏమిటంటే మన జాతకాల్లో దీన్ని పట్టుకునే దారి ఉంది. విజయనగరంలో నాకు తెలిసిన ఒక సిద్ధాంతిగారు ఇలాంటి కాగితం ఎవరు తెచ్చినా మొదట గంట చూడరు. "గంట తరవాత చెబుదురు గానీ బాబూ, తెల్లారాక పుట్టారా, తెల్లారకుండానా, అది ఎవరైనా చెప్పుకునేవారా?" అని అడుగుతారు. సరైన ప్రశ్న అది.

మొదట చెప్పిన 1943 జూన్ 16నే తీసుకోండి. ఆ రోజు బుధవారం. జూన్ మధ్యలో మా వైపు సూర్యోదయం మామూలు టైమ్ ప్రకారం 5:20 ప్రాంతంలో అవుతుంది, యుద్ధం టైమ్ ప్రకారం 6:20 అన్నమాట. మన లెక్కలో వారం మారేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి. కాగితం మీద తేదీ 16, గంట 6, వారం మాత్రం మంగళవారం అని ఉంటే, పుట్టింది సూర్యోదయానికి ముందన్న మాట, కాబట్టి ఆ 6 యుద్ధం టైమే, గంట తీసేయాల్సిందే. బుధవారం అని ఉంటే రాసినాయన సూర్యుడు వచ్చాడని లెక్క వేశారు, ఆ 6 మామూలు టైమ్ అయి ఉండాలి, అప్పుడు యాప్‌లో గంట తీయకుండా ఆపాలి. సూర్యోదయాది గత ఘడియలు రాసి ఉంటే ఇంకా మంచిది, ఘడియకి 24 నిమిషాలు, అవి సూర్యుడి నుంచి లెక్కపెట్టినవి, ఏ సర్కారు ఉత్తర్వూ వాటిని కదపలేదు. గంటకి రెండున్నర ఘడియలు చొప్పున వెనక్కి కట్టుకుంటే ఆ గడియారం ఏ టైమ్‌లో ఉందో తేలిపోతుంది. మధ్యాహ్నమో, రాత్రి పొద్దుపోయాకో పుట్టినవాళ్లకి వారంతో తేలదు, అప్పుడు కాగితం మీద లగ్నం ఏం రాశారో చూసి రెండు టైముల్లో ఏది కలుస్తుందో చూడాలి.

రంగూన్ వెళ్లిన కుటుంబాలది ఇంకో లెక్క. మన జిల్లాల నుంచి కూలికీ, మిల్లు పనులకీ బర్మా వెళ్లినవాళ్లు ఎంతమందో ఇక్కడ చెప్పనక్కర్లేదు, 1942లో నడిచి వచ్చేసిన వాళ్ల కథలు ప్రతి ఊళ్లో ఉన్నాయి, రాలేక అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అలా ఉండిపోయిన ఇంట్లో 1943లోనో 1944లోనో పుట్టిన పిల్లలకి ఏషియా/కోల్‌కతా పనికిరాదు, ఏషియా/యాంగోన్ చూడాలి. అక్కడ మామూలు సమయం 6:30, జపాన్ చేతిలో ఉన్నన్నాళ్లు టోక్యో సమయం, అంటే 9:00, రెండున్నర గంటల తేడా. లగ్నం ఒకటి కాదు, రెండు మారినా ఆశ్చర్యం లేదు. ఆ ఎంట్రీలో టోక్యో సమయం 1942 మే నుంచి 1945 మే 3 దాకా అని ఉంది. రంగూన్ జపాన్ చేతికి వెళ్లింది 1942 మార్చి 8న. మార్చి నుంచి మే దాకా ఆ నగరంలో జనం ఏ గడియారం చూసుకున్నారో అన్నది ఇలాంటి ఎంట్రీల్లో సరిచేయడానికి మిగిలే ఖాళీయే, మే పక్కన తారీకు కూడా లేదు.

మన జిల్లాలకి సొంత ఎంట్రీ వస్తుందని ఆశపెట్టుకోవద్దు. 1970 గీత వల్ల అది జరగదు, 2022లో ఓస్లో, స్టాక్‌హోమ్ లాంటి రాజధానుల ఎంట్రీలనే బెర్లిన్‌లో కలిపేశారు, వాటి పాత వివరాలను వేరే ఫైల్లోకి తీసుకెళ్లి పెట్టారు. కానీ ఆ వేరే ఫైలు ఉంది, ఎంట్రీల పక్కన రాసే వివరణలూ ఉన్నాయి. 1941 అక్టోబర్ నుంచి 1942 మే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో గడియారం కదల్లేదని చూపించే కాగితం దొరికితే, ఆ లైను కలకత్తాదే అని అక్కడ స్పష్టంగా రాయించవచ్చు, జాతకం యాప్‌లు చేసేవాళ్లు దాన్ని చూసి ఆంధ్రా ఊళ్లకి ఆ గంట తీయడం ఆపవచ్చు.

అలాంటి కాగితం మన దగ్గరే దొరికే వీలుంది. అప్పట్లో వాల్తేరుకి ఉత్తరాన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, దక్షిణాన మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే. మొదటి దాని ఆఫీసు కలకత్తాలో, రెండోదాని ఆఫీసు మద్రాసులో. గంట తేడా వస్తే రెండు కంపెనీల రైళ్లు వాల్తేరులో కలిసేటప్పుడు టైమ్‌టేబుల్లో దాని గురించి ఒక ముక్క అచ్చు వేయక తప్పదు. ఆ ఏడున్నర నెలల టైమ్‌టేబుల్ పుస్తకం, ఆ వారాల ఆంధ్రపత్రిక సంచిక, ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్ పేజీ, ఆమదాలవలసలోనో పార్వతీపురంలోనో రైల్వేలో చేసిన తాతగారి డైరీ, వీటిలో ఏది దొరికినా పేజీ మొత్తం ఫోటో తీయండి. తేదీ, పత్రిక పేరు, పేజీ నంబరు కనపడాలి, కావలసిన వాక్యం ఒక్కటే కత్తిరించి పంపితే ఎవరూ తీసుకోరు.